లాటిన్ కప్ (1949–1957): తరచుగా అడిగే ప్రశ్నలు, కొంచెం తీరిగ్గా జవాబులు

యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ టాపిక్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు "దానికి ముందు ఏముండేది" అని అడుగుతారు, జవాబుగా నేను లాటిన్ కప్ పేరు చెప్తే "అదేంటి, ఎప్పుడూ వినలేదే" అంటారు. అందుకే వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. వరసగా చదవక్కర్లేదు, కావాల్సింది చూసుకోండి.

లాటిన్ కప్ అంటే కోపా అమెరికానా? బ్రెజిల్, అర్జెంటీనా ఆడేదా?

కాదు కాదు. లాటిన్ అనగానే అందరికీ దక్షిణ అమెరికానే గుర్తొస్తుంది గానీ ఇది పూర్తిగా యూరప్ టోర్నీ. స్పెయిన్, పోర్చుగల్, ఫ్రాన్స్, ఇటలీ, ఈ నాలుగు దేశాల్లో ఆ ఏడాది లీగ్ గెలిచిన క్లబ్బులు సీజన్ అయిపోయాక ఒకచోట కలిసి ఆడేవి. దేశాల జట్లు కావు, క్లబ్బులు. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, మిలాన్, బెన్ఫికా లాంటివాళ్ళు.

ఎప్పుడు జరిగింది? ఎన్నిసార్లు?

1949లో మొదలైంది, 1957తో అయిపోయింది. మధ్యలో 1954 వదిలేసారు, ఎందుకంటే ఆ జూన్‌లో స్విట్జర్లాండ్‌లో వరల్డ్ కప్ ఉంది. సో మొత్తం ఎనిమిది సార్లు. ఎక్కువగా జూన్ నెలలో, రెండు మూడు సార్లు జూలై మొదటి రోజుల దాకా కూడా సాగింది.

1954 అన్నాం కాబట్టి ఒక ముక్క చెప్తా, ఆ వరల్డ్ కప్‌కి స్పెయిన్ అసలు వెళ్ళనేలేదు. టర్కీతో క్వాలిఫయర్ ఎటూ తేలకపోతే రోమ్‌లో చీటీలు వేసారు, ఒక ఇటలీ కుర్రాడి కళ్ళకి గంతలు కట్టి తీయిస్తే టర్కీ పేరొచ్చింది! అంతే, స్పెయిన్ ఇంటికి. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఇలాగే నడిచేది, ఈ సంగతి కింద ఇంకో జవాబులో కూడా పనికొస్తుంది.

ఈ నాలుగు దేశాలే ఎందుకు? ఇంగ్లండ్, జర్మనీ ఏమయ్యాయి?

సింపుల్‌గా చెప్పాలంటే పక్కపక్క దేశాలు, రైల్లో వెళ్ళిపోవచ్చు, భాషలు దగ్గర దగ్గర, నాలుగింటి ఫెడరేషన్లూ మాట్లాడుకుని పెట్టుకున్నాయి. యూఎఫా, అంటే యూరప్ ఫుట్‌బాల్ సంఘం, అప్పటికి పుట్టలేదు, అది 1954లో వచ్చింది. అంటే 1949లో యూరప్ మొత్తానికి కలిపి టోర్నీ పెట్టాలన్నా పెట్టే ఆఫీసే లేదు. ఇంగ్లండ్ వాళ్ళకి తమ లీగే లోకం, బయటి టోర్నీలంటే పెద్ద ఆసక్తి లేదు. జర్మనీ యుద్ధంలో నలిగిపోయి అప్పుడప్పుడే లేస్తోంది. తూర్పు వైపు దేశాల కథ రాజకీయంగా వేరే దారిలో పోయింది.

కానీ దీంట్లో రాజకీయం కూడా ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. యుద్ధం అయ్యాక స్పెయిన్‌ని ఎవరూ దగ్గరికి రానివ్వలేదు, ఫ్రాంకో నియంతృత్వం కదా, 1946లో మీ రాయబారుల్ని వెనక్కి పిలిపించుకోండి అని ఐక్యరాజ్యసమితే మిగతా దేశాలకి చెప్పింది. ఫ్రాన్స్ అయితే 1946 మార్చిలో స్పెయిన్ బోర్డరే మూసేసింది, మళ్ళీ తెరిచింది 1948 ఫిబ్రవరిలో. ఇప్పుడు ఆలోచించండి, బోర్డర్ తెరిచిన ఏడాదిన్నరకే ఫ్రాన్స్ ఛాంపియన్ రీమ్స్ జట్టు స్పెయిన్‌కి వెళ్ళి ఆడుతోంది, మొదటి లాటిన్ కప్‌కి హోస్ట్ స్పెయిన్! ఫ్రాంకో గవర్నమెంట్‌కి ఇంతకన్నా కావాల్సిందేముంది. పోర్చుగల్‌లో సలజార్, అక్కడా అదే టైపు పాలన. స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ మూడూ ఐక్యరాజ్యసమితిలో చేరింది 1955 డిసెంబర్‌లో, ఒకే రోజున. అంటే ఈ టోర్నీ ఎక్కువ భాగం నడిచిన టైంలో నాలుగింట్లో మూడు దేశాలకి అక్కడ సీటే లేదన్నమాట. ఫుట్‌బాల్ వాళ్ళు మాత్రం అప్పటికే కలిసి ఆడేసుకుంటున్నారు.

ఫార్మాట్ ఏంటి?

చాలా చిన్నది. ప్రతి ఏడాది ఒక దేశం హోస్ట్. నాలుగు టీములు, రెండు సెమీస్, ఓడినవాళ్ళిద్దరికీ మూడో స్థానం మ్యాచ్, గెలిచినవాళ్ళకి ఫైనల్. వారంలో పెట్టేబేడా సర్దుకోవచ్చు. హోమ్ మ్యాచ్, అవే మ్యాచ్, గ్రూప్ స్టేజ్, ఇవేవీ లేవు.

హోస్టింగ్ వరసగా తిరిగేది: స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ, ఫ్రాన్స్. రెండో రౌండ్‌లో వరస మారి పోర్చుగల్, ఫ్రాన్స్, ఇటలీ, చివరికి మళ్ళీ స్పెయిన్.

కప్పు గెలిచిన క్లబ్‌కి కాదు, దేశానికి ఇచ్చేవారంట, నిజమా?

నిజమే, అందరూ కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. ప్రతి ఏడాది గెలిచిన క్లబ్‌కి ఒక చిన్న ట్రోఫీ ఇచ్చేవారు. అసలు పెద్ద కప్పు మాత్రం నాలుగు టోర్నీలకి ఒకసారి, ఫెడరేషన్‌కి. ఫస్ట్ వచ్చిన క్లబ్ తన దేశానికి 4 పాయింట్లు తెస్తుంది, సెకండ్ 3, థర్డ్ 2, ఆఖరిది 1. నాలుగేళ్ళ పాయింట్లు కూడితే ఎవరికెక్కువో వాళ్ళది పెద్ద కప్పు. మన స్కూళ్ళలో హౌస్‌ల మధ్య రోలింగ్ షీల్డ్ ఉంటుంది చూడండి, పరుగు పందెం నువ్వు గెలిచినా షీల్డ్ మాత్రం రెడ్ హౌస్‌కి వెళ్తుంది, అలాంటిదే.

ఇలా నాలుగేసి టోర్నీల సైకిళ్ళు రెండు నడిచాయి, రెండూ స్పెయినే కొట్టేసింది, రెండుసార్లూ 12 పాయింట్లతోనే. మొదటిసారి ఫ్రాన్స్ 10 దాకా వచ్చింది, రెండోసారి ఇటలీ 11తో ఒక్క పాయింట్ తేడాలో పోగొట్టుకుంది. తమాషా ఏంటంటే మొదటి సైకిల్‌లో ఫ్రెంచ్ క్లబ్ ఒక్కటి కూడా టైటిల్ గెలవలేదు, అయినా ఫ్రాన్స్ సెకండ్. వరసగా మూడేళ్ళు ఫైనల్లో ఓడిపోయారు, ఓడినప్పుడల్లా 3 పాయింట్లు జేబులో పడ్డాయి. బోర్డో, లీల్, నీస్, మూడూ వేరువేరు క్లబ్బులు, మూడిటికీ ఫైనల్లోనే దెబ్బ!

ఈ సిస్టం వల్ల మూడో స్థానం మ్యాచ్‌కి కూడా విలువ ఉండేది, అది నాకు నచ్చే విషయం. ఇప్పటి టోర్నీల్లో ఆ మ్యాచ్ ఎవరికి కావాలి చెప్పండి.

డ్రా అయితే ఏం చేసేవాళ్ళు? పెనాల్టీ షూటౌటా?

షూటౌట్ రూల్స్‌లోకి వచ్చిందే 1970లో. అప్పటిదాకా ఎక్స్‌ట్రా టైమ్, అయినా తేలకపోతే ఇంకో రోజు రీప్లే. మరీ కాకపోతే చీటీలు, పైన చెప్పానుగా.

దీనికి బెస్ట్ ఉదాహరణ 1950 ఫైనల్. లిస్బన్ శివార్లలో నేషనల్ స్టేడియం, చెట్లు నిండిన లోయలో కట్టారు, ఒక పక్క స్టాండే ఉండదు, ఖాళీగా చెట్లవైపు తెరుచుకుని ఉంటుంది. బెన్ఫికాకీ ఫ్రాన్స్ ఛాంపియన్ బోర్డోకీ మ్యాచ్. జూన్ 11న ఆడితే 3–3, ఎక్స్‌ట్రా టైమ్‌లో కూడా తేలలేదు. సరే అని వారం ఆగి జూన్ 18న మళ్ళీ దింపారు. ఈసారి బోర్డో ముందే గోల్ కొట్టి దాన్ని పట్టుకుని కూర్చుంది, ఇంక అయిపోయింది బోర్డోదే అనుకునే టైంకి ఆఖర్లో ఆర్సెనియో సమం చేసాడు. మళ్ళీ ఎక్స్‌ట్రా టైమ్. అదీ అయిపోయింది, తేలలేదు. ఈసారి మూడో మ్యాచ్ పెట్టే ఓపిక ఎవరికీ లేదు, ఎవరో ఒకరు కొట్టేదాకా ఆడాల్సిందే అని ఆడించారు. చివరికి జులిన్యో గోల్ కొట్టేసరికి ఆట మొదలై దాదాపు రెండున్నర గంటలైంది. జూన్ నెల, లిస్బన్ ఎండ, వారం కిందటే రెండు గంటలు ఆడిన కాళ్ళు. 2–1. పోర్చుగల్ క్లబ్బుల్లో ఇలాంటి అంతర్జాతీయ టైటిల్ గెలిచిన మొదటిది బెన్ఫికానే, అప్పటి కోచ్ టెడ్ స్మిత్ అనే ఇంగ్లీషాయన. ఆయన దేశం ఈ టోర్నీలో లేకపోయినా ఆయన మాత్రం గెలిచి వెళ్ళాడు.

వచ్చినవాళ్ళంతా నిజంగా లీగ్ ఛాంపియన్లేనా?

రూల్ ప్రకారం అవును. జరిగింది చూస్తే కాదు. నలుగురికి నలుగురూ అసలు ఛాంపియన్లు వచ్చింది 1949, 1952, 1957, ఈ మూడుసార్లే. మిగతా ఐదుసార్లు ఎవరో ఒకరు డుమ్మా కొడితే కింద నంబర్ వాళ్ళు వచ్చారు.

1950లో ఇటలీ ఛాంపియన్ యువెంటస్, కానీ వచ్చింది లాజియో, లీగ్‌లో నాలుగో స్థానం! కారణం ఊహించొచ్చు, ఆ జూన్‌లోనే బ్రెజిల్‌లో వరల్డ్ కప్, ఇటలీ టీమ్ విమానం వద్దనుకుని ఓడ ఎక్కింది, అంటే వారాల తరబడి ప్లేయర్లు సముద్రం మీదే. విమానం ఎందుకు వద్దనుకున్నారో కింద ప్రశ్నలో ఉంది. 1951లో నీస్ బదులు లీల్. 1953లో ఇంటర్ బదులు మిలాన్, బార్సిలోనా బదులు వాలెన్సియా. 1955లో బెన్ఫికా బదులు బెలెనెన్సెస్. 1956లో ఫియోరెంటినా బదులు మళ్ళీ మిలానే, పోర్టో బదులు బెన్ఫికా, పైగా ఆ ఏడాది మిలాన్ ఏకంగా కప్పు కూడా కొట్టేసింది. ఫియోరెంటినా ఫ్యాన్స్‌కి ఎలా ఉండుంటుందో.

అందుకే "ఛాంపియన్ల టోర్నీ" అని గొప్పగా చెప్పేటప్పుడు కాస్త చూసుకుని చెప్పాలి. అయితే బలహీనమైన టీములు వచ్చాయని కూడా అనలేం, డుమ్మా కొట్టినవాళ్ళ ప్లేస్‌లో వచ్చినవాళ్ళూ పెద్ద క్లబ్బులే.

1949లో టోరినో టీమ్ విమాన ప్రమాదంలో చనిపోయింది కదా, మరి లాటిన్ కప్ ఎలా ఆడింది?

ఈ ప్రశ్న ఎక్కువమంది అడుగుతారు. అప్పటి టోరినో అంటే ఇటలీలో తిరుగులేని జట్టు, లీగ్ మీద లీగ్ గెలుస్తూ పోతోంది, నేషనల్ టీమ్‌లో సగానికి పైగా వీళ్ళే. 1949 మే 3న లిస్బన్‌లో బెన్ఫికాతో ఫ్రెండ్లీ ఆడారు, బెన్ఫికా కెప్టెన్ ఫెరైరా గౌరవార్థం పెట్టిన మ్యాచ్. 4–3తో ఓడిపోయారు, అది పెద్ద లెక్కలోది కాదు. మర్నాడు మే 4న తిరిగొస్తుంటే ట్యూరిన్ దగ్గర మబ్బు, వర్షం, ఏమీ కనపడట్లేదు, విమానం సుపెర్గా కొండ మీదున్న చర్చి వెనక గోడని గుద్దేసింది. 31 మంది పోయారు, అందులో 18 మంది ప్లేయర్లు. కెప్టెన్ వాలెంటినో మజ్జోలా కూడా. మర్నాటి ఏడు ఇటలీ టీమ్ బ్రెజిల్‌కి విమానం వద్దనుకుని ఓడ ఎక్కింది ఇందుకే.

లీగ్‌లో ఇంకా నాలుగు మ్యాచ్‌లున్నాయి, టోరినో టాప్‌లో ఉంది. యూత్ టీమ్ కుర్రాళ్ళని దింపారు, ఎదురు జట్లు కూడా పెద్ద ప్లేయర్లని పక్కన పెట్టి తమ యూత్ టీములనే పంపించాయి. టైటిల్ టోరినోకే వచ్చింది. ఛాంపియన్ కాబట్టి జూన్ ఆఖర్లో లాటిన్ కప్‌కి కూడా టోరినోనే వెళ్ళాలి, ప్రమాదం జరిగి రెండు నెలలు కూడా కాలేదు. కుర్రాళ్ళకి తోడు వేరే క్లబ్బుల నుంచి ప్లేయర్లని అరువు తీసుకుని స్పెయిన్ వెళ్ళారు. సెమీస్‌లో లిస్బన్ టీమ్ స్పోర్టింగ్ చేతిలో 3–1తో ఓడిపోయారు. కానీ మూడో స్థానం మ్యాచ్‌లో రీమ్స్‌ని 5–3తో కొట్టారు! అతుకుల టీమ్‌తో ఫ్రాన్స్ ఛాంపియన్ మీద ఐదు గోల్స్. ఎవరు గెలిచారో మర్చిపోయినా పర్లేదు, 1949 లాటిన్ కప్‌లో నాకు గుర్తుండేది ఈ మ్యాచే.

ఇంకో సంగతి, మజ్జోలా చనిపోయేటప్పటికి వాళ్ళబ్బాయి సాండ్రోకి ఆరేళ్ళు. ఆ అబ్బాయే పెద్దయ్యి ఇంటర్‌కి ఆడి 1964 యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్‌కి పాత పేరు) ఫైనల్లో రియల్ మాడ్రిడ్ మీద రెండు గోల్స్ కొట్టాడు.

బార్సిలోనా, రియల్ మాడ్రిడ్... ఎవరికెన్ని?

గొడవ పెట్టుకోకండి, చెరో రెండు.

బార్సిలోనా 1949, 1952. 1949 ఫైనల్ మాడ్రిడ్‌లో జరిగింది, అదీ చమార్టిన్‌లో, అంటే రియల్ మాడ్రిడ్ సొంత గ్రౌండ్‌లో బార్సా కప్పెత్తింది, స్పోర్టింగ్ మీద 2–1. ఆ స్పోర్టింగ్ తక్కువ టీమ్ కాదు, పెయిరోటియో ఉన్న ఫార్వర్డ్ లైన్, ఐదుగుర్నీ కలిపి "ఐదు వయొలిన్లు" అనేవాళ్ళు పోర్చుగల్‌లో. 1952 ఫైనల్ పారిస్‌లో, నీస్ మీద 1–0, గోల్ సీజర్ కొట్టాడు. కుబాలా ఉన్న జట్టది, ఆ సీజన్‌లో చిన్నా పెద్దా కలిపి ఐదు కప్పులు గెలిచారు, బార్సా పాత అభిమానులు ఇప్పటికీ "ఐదు కప్పుల టీమ్" అంటారు. అందులో ఒకటి లాటిన్ కప్.

రియల్ మాడ్రిడ్ 1955, 1957. 1955లో పారిస్‌లో రీమ్స్ మీద 2–0, రెండూ హెక్టర్ రియాల్ గోల్సే. ఏడాది తర్వాత మొట్టమొదటి యూరోపియన్ కప్ ఫైనల్, అదే పారిస్, అదే పార్క్ దె ప్రాన్స్ స్టేడియం, అవే రెండు టీములు, రియాల్ మళ్ళీ రెండు గోల్స్, 4–3. ఆ 1956 మ్యాచ్ గురించి పుస్తకాలకి పుస్తకాలు ఉన్నాయి, దానికి ముందు ఏడాది రిహార్సల్ జరిగిందని మాత్రం ఎవరూ చెప్పరు. 1957లో అయితే మే 30న సొంత గ్రౌండ్ బెర్నబ్యూలో ఫియోరెంటినాని కొట్టి యూరోపియన్ కప్ గెలిచారు, నాలుగు వారాలు తిరక్కుండా జూన్ 23న అదే గ్రౌండ్‌లో బెన్ఫికాని 1–0తో కొట్టి లాటిన్ కప్ గెలిచారు, డి స్టెఫానో గోల్. దానికి ముందు సెమీస్‌లో మిలాన్‌కి 5–1. పాపం మిలాన్.

మిలాన్‌కి కూడా రెండు ఉన్నాయంటారు?

ఉన్నాయి. 1951, 1956. రెండూ సొంత ఊళ్ళోనే, ఎందుకంటే రెండుసార్లూ హోస్ట్ ఇటలీ. 1951లో శాన్ సిరోలో లీల్‌ని 5–0తో చితక్కొట్టారు, ఈ టోర్నీ ఫైనల్స్ అన్నిట్లోకీ పెద్ద గెలుపు అదే. గ్రెన్, నార్డాల్, లీడ్‌హోమ్, ముగ్గురూ స్వీడన్ వాళ్ళు, 1948 ఒలింపిక్స్‌లో గోల్డ్ కొట్టి వచ్చినవాళ్ళు, ముగ్గురి పేర్లూ కలిపి గ్రె-నో-లీ అనేవాళ్ళు. లాటిన్ కప్‌ని స్వీడన్ వాళ్ళు గెలిపించడం ఏంటో! 1956లో అథ్లెటిక్ బిల్బావో మీద 3–1.

రీమ్స్ ఏంటి మధ్యలో? ఇప్పుడు ఆ పేరు పెద్దగా వినపడదు కదా

ఇప్పుడు వినపడదు, అప్పుడు వినపడేది. షాంపేన్ తయారయ్యే ఊరు, చిన్నదే. కోచ్ ఆల్బర్ట్ బాట్యూ, ఆటలో రేమండ్ కోపా. 1953లో లిస్బన్‌లో మిలాన్‌ని 3–0తో కొట్టి కప్పు పట్టుకెళ్ళారు, కోపాకి రెండు గోల్స్. ఫ్రెంచ్ క్లబ్ లాటిన్ కప్ గెలిచింది అదొక్కసారే. తర్వాత కోపాని రియల్ మాడ్రిడ్ ఎత్తుకుపోయింది, ఆ ప్లేస్‌లోకి జస్ట్ ఫోంటేన్ వచ్చాడు, 1958 వరల్డ్ కప్‌లో 13 గోల్స్ కొట్టినాయన.

ఛాంపియన్స్ లీగ్ దీని నుంచే పుట్టిందా?

నేరుగా కాదు. యూరోపియన్ కప్ ఐడియా లెకిప్ అనే ఫ్రెంచ్ స్పోర్ట్స్ పేపర్‌ది, గాబ్రియెల్ హనో అనే ఎడిటర్ ముందుండి నడిపించాడు. 1954 డిసెంబర్‌లో హంగరీ టీమ్ హోన్వెద్‌ని ఇంగ్లండ్ క్లబ్ వుల్వ్స్ ఓడించగానే ఇంగ్లీష్ పేపర్లు మేమే ప్రపంచ ఛాంపియన్లం అని రాసేసుకున్నాయి, హనోకి అది నచ్చలేదు, తేల్చుకోవాలంటే అందరూ ఆడాలి కదా అన్నాడు. దక్షిణ అమెరికాలో 1948లో శాంటియాగోలో జరిగిన ఛాంపియన్ల టోర్నీ కూడా ఆ పేపర్ వాళ్ళ బుర్రలో ఉంది.

కానీ నా లెక్క వేరు. ఐడియా ఎవరిదైనా గానీ, ఆడి చూపించింది ఎవరు? యూరోపియన్ కప్ మొదటి పదకొండేళ్ళు చూడండి, 1956 నుంచి 60 దాకా రియల్ మాడ్రిడ్, 61, 62 బెన్ఫికా, 63 మిలాన్. ఈ మూడూ లాటిన్ కప్ గెలిచిన క్లబ్బులే. తర్వాత 64, 65 ఇంటర్, 66 మళ్ళీ రియల్. పదకొండేళ్ళ పాటు స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ దాటి కప్పు బయటికి పోలేదు. మిగతా దేశాల క్లబ్బులకి బయటి దేశం టీమ్‌తో టైటిల్ కోసం ఆడటం కొత్త, వీళ్ళకి అప్పటికే అలవాటు: ప్రయాణం, తెలియని రిఫరీ, వేరే స్టైల్, పరాయి జనం అరుపులు, అన్నీ. ఇదొక్కటే కారణమని అనను, డబ్బులున్నాయి, డి స్టెఫానో ఉన్నాడు, యుసేబియో వచ్చాడు. అయినా లాటిన్ కప్‌ని కాలక్షేపం టోర్నీ అని కొట్టిపారేసేవాళ్ళు ఈ లిస్ట్ ఒకసారి చూడాలి.

ఆ వరసని 1967లో స్కాట్లాండ్ క్లబ్ సెల్టిక్ తెంపింది. ఎక్కడ తెంపింది? లిస్బన్ నేషనల్ స్టేడియంలో, 1950లో బెన్ఫికా రెండున్నర గంటలు ఆడిన అదే గ్రౌండ్! యూరోపియన్ కప్ మొట్టమొదటి మ్యాచ్ కూడా అక్కడే, 1955 సెప్టెంబర్ 4, స్పోర్టింగ్, పార్టిజాన్ 3–3.

మరి ఎందుకు ఆగిపోయింది?

పెద్దది వచ్చాక చిన్నది ఎవరికి కావాలి. 1955–56 నుంచి యూరోపియన్ కప్ నడుస్తోంది, అందులో ఈ నాలుగు దేశాలతో పాటు మిగతా యూరప్ కూడా ఉంది, సీజన్ మధ్యలో బుధవారాలు ఫ్లడ్‌లైట్ల కింద ఆటలు, జనం, డబ్బు. దాని తర్వాత అలిసిపోయిన ప్లేయర్లని జూన్ ఎండలో మళ్ళీ దింపడానికి క్లబ్బులకి ఇష్టం లేదు. రెండూ కలిసి రెండు మూడేళ్ళు నడిచాయి, రెండో సైకిల్ 1957తో పూర్తయింది, అక్కడితో సరి.

ఇది అఫీషియలా? ట్రోఫీల లెక్కలో కలపాలా వద్దా?

ట్విట్టర్ యుద్ధాలన్నీ దీని మీదే. యూఎఫా పెట్టిన టోర్నీ కాదు, సగం టోర్నీలు అయ్యాక గానీ యూఎఫా పుట్టనేలేదు. నాలుగు నేషనల్ ఫెడరేషన్లు కలిసి పెట్టినది కాబట్టి ఎవరో స్పాన్సర్ పెట్టిన ఫ్రెండ్లీ కూడా కాదు. బార్సిలోనా లాంటి క్లబ్బులు తమ ట్రోఫీల జాబితాలో దీన్ని గర్వంగానే చూపిస్తాయి. యూరోపియన్ కప్‌తో సమానం అంటే మాత్రం ఒప్పుకోను, రెండు మ్యాచ్‌లు గెలిస్తే అయిపోయే టోర్నీ ఇది. అలాగని సున్నా కూడా కాదు. వేరే గడిలో రాసుకోండి, గొడవ ఉండదు.

ఇలాంటి పొరుగు దేశాల టోర్నీల్లో ఇదే మొదటిదా?

కాదు. దీనికి చాలా ముందే 1927లో మిట్రోపా కప్ మొదలైంది, ఆస్ట్రియా ఫుట్‌బాల్ పెద్ద హ్యూగో మైజల్ చేసిన పని. ఆస్ట్రియా, హంగరీ, చెకోస్లొవేకియా, యుగోస్లావియా క్లబ్బులు, తర్వాత 1929లో యుగోస్లావియా ప్లేస్‌లో ఇటలీ వచ్చింది. మొదటి కప్పు స్పార్టా ప్రాగ్‌ది. యుద్ధానికి ముందు యూరప్‌లో క్లబ్ ఫుట్‌బాల్ అంటే అదే పెద్దది. లాటిన్ కప్‌ని ఒకరకంగా పడమటి దేశాల మిట్రోపా అనుకోవచ్చు.

ఆ రోజుల్లో మన దగ్గర పరిస్థితేంటి?

ఇది అడిగితే నాకు భలే సంతోషం. యూరప్‌లో లాటిన్ కప్ నడుస్తున్న సరిగ్గా అదే రోజుల్లో మన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ ఇండియాని దున్నేస్తోంది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. కోచ్ ఎస్.ఏ. రహీమ్, ఆయనే తర్వాత ఇండియా టీమ్‌ని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళాడు, 1951, 1962 ఆసియా క్రీడల్లో గోల్డ్ తెచ్చాడు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు, ఆ గ్రూపులోనే ఫ్రాన్స్‌తో మనం 1–1 డ్రా చేసాం.

పైన చెప్పిన 1950 వరల్డ్ కప్ ఉంది కదా, దానికి ఇండియాకి కూడా చోటు దొరికింది, మనవాళ్ళే వెళ్ళలేదు. బూట్లు లేక వెళ్ళలేదని అందరూ చెప్పే కథ అంత నమ్మేది కాదు, అసలు ఆ టోర్నీకి మన ఫెడరేషన్ పెద్ద విలువే ఇవ్వలేదు, వాళ్ళకి ఒలింపిక్సే ముఖ్యం.

ఇండియన్ క్లబ్ ఒకటి ఇలా చుట్టుపక్కల దేశాల ఛాంపియన్లతో ఆడి గెలిచింది ఉందా అంటే ఉంది, 2003లో జకార్తాలో ఆసియాన్ క్లబ్ ఛాంపియన్‌షిప్. ఆగ్నేయాసియా క్లబ్బుల టోర్నీ, మన నేషనల్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్‌ని గెస్ట్‌గా పిలిచారు. పిలిచిన పాపానికి గెస్టే కప్పు పట్టుకొచ్చేసింది, ఫైనల్లో థాయ్‌లాండ్ క్లబ్ బెక్ టెరో ససానా మీద 3–1. సుభాష్ భౌమిక్ కోచ్, భైచుంగ్ భూటియా ఫామ్‌లో ఉన్న రోజులు. కలకత్తాలో ఇప్పటికీ దాని గురించి మాట్లాడతారు.

క్విజ్‌లో లాటిన్ కప్ మీద ఏం అడుగుతారు?

తిప్పి తిప్పి ఒకటే: లాటిన్ కప్ గెలిచి, యూరోపియన్ కప్ మాత్రం ఈ రోజుకీ గెలవని క్లబ్ ఏది? గెలిచిన ఐదు క్లబ్బుల్లో బార్సిలోనా, రియల్, మిలాన్, బెన్ఫికా నాలుగూ తర్వాత ఆ పెద్ద కప్పు కూడా కొట్టాయి, బార్సా అయితే 1992 దాకా ఆగాల్సొచ్చింది. మిగిలింది రీమ్స్. 1956లో ఫైనల్, 1959లో మళ్ళీ ఫైనల్, రెండుసార్లూ ఎదురుగా రియల్ మాడ్రిడ్డే, రెండోసారికి కోపా కూడా అవతలి జెర్సీలో ఉన్నాడు.